ఏ ఆక్టేన్ పెట్రోల్ కొట్టించాలి: నల్లగొండ ఎండలో ఒక పాత కారు డైరీ

బండి: 2014 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. లక్ష కిలోమీటర్లు దాటింది.

జబ్బు: ఎండాకాలం ఏసీ వేసుకుని ఎత్తు ఎక్కితే ఇంజిన్‌లోంచి రేకు డబ్బాలో శనగలు వేసి ఊపినట్టు చప్పుడు. మెకానిక్‌లు పింగింగ్ అంటారు, కొందరు నాకింగ్ అంటారు. సిలిండర్‌లో కొంత పెట్రోల్ తనంతట తానే అంటుకున్నప్పుడు వచ్చే చప్పుడది.

ఎవరినడిగినా ఒకటే మందు చెప్పారు: "ప్రీమియం కొట్టియ్యన్నా, అదే పోతది." కొట్టించాను, పోలేదు. ఎందుకు పోలేదో, ఆఖరికి ఎట్లా పోయిందో కొలతలతో సహా ఇక్కడ పెడుతున్నా. తొందరగా ఉన్నవాళ్లు నేరుగా నాలుగో దశకు వెళ్లొచ్చు. కాకపోతే రెండో దశలోని లెక్క చూడకపోతే ఆ పనులు ఎందుకు చేశానో అర్థం కాదు.

మొదటి దశ: కొలవడం ఎట్లా (మార్చి)

చెవిని నమ్ముకుంటే లాభం లేదు. ఇప్పటి బండ్లలో ఇంజిన్ బ్లాకుకు నాక్ సెన్సర్ బిగించి ఉంటుంది. చప్పుడు మన చెవిన పడకముందే అది అదురు పసిగట్టి ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కు) చెబుతుంది, ఈసీయూ స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది, అంటే ఆలస్యం చేస్తుంది. చప్పుడు తగ్గుతుంది, దాంతోపాటు బలమూ తగ్గుతుంది. అంబాసిడర్ల కాలంలో మెకానిక్ డిస్ట్రిబ్యూటర్‌ను చేత్తో తిప్పి చేసిన పనే ఇది, ఇప్పుడు క్షణానికోసారి దానంతటదే జరిగిపోతోంది. కాబట్టి చూడాల్సింది పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు స్పార్క్ పడుతోందన్నది. దీన్నే టైమింగ్ అంటారు. నిండు లోడు మీద ఆ అంకె ఎంత ఎక్కువుంటే ఇంజిన్ అంత నిమ్మళంగా ఉన్నట్టు.

కొన్నవి:
1. ఓబీడీ (ఈసీయూలోని అంకెలు చదివే) బ్లూటూత్ అడాప్టర్, 750 రూపాయలు. స్టీరింగ్ కింది సాకెట్‌లో పెట్టి ఫోన్‌లో యాప్ తెరిస్తే చాలు.
2. 100 మిల్లీలీటర్ల కొలత జాడీ, గాజుది, 180 రూపాయలు. ప్లాస్టిక్‌ది వద్దు, పెట్రోల్‌కు మసకబారి గీతలు కనపడవు.

ఇప్పటిదాకా ఖర్చు: 930.

మొదటి రీడింగులన్నీ పారేయాల్సి వచ్చింది. యాప్‌లో ఎనిమిది మీటర్లు ఒకేసారి పెడితే ఈ చవక అడాప్టర్ ఒక్కోదాన్ని వంతుల వారీగా అడుగుతుంది. టైమింగ్ రెండు సెకన్లకోసారి వస్తోంది, మధ్యలో పడి లేచిన అంకె దొరకడమే లేదు. ఆర్‌పీఎం, టైమింగ్, మ్యాప్ ప్రెషర్ (ఇంజిన్ పీల్చే గాలి ఒత్తిడి) మూడే ఉంచి మిగతావి తీసేస్తే సెకనుకు మూడు నాలుగు రీడింగులు వచ్చాయి. కూలెంట్ వేడి, లోపలికి పోయే గాలి వేడి ఎత్తు ఎక్కాక విడిగా చూసి రాసుకున్నా. ఇంకో మాట: 'నాక్ రిటార్డ్' (నాకింగ్ వల్ల స్పార్క్ ఎంత వెనక్కి జరిగిందో చెప్పే) అంకెను చూపించమని ఓబీడీ నిబంధనల్లో ఎక్కడా లేదు. చాలా బండ్లలో రాదు. రాలేదని అడాప్టర్ మార్చకండి.

ఫోన్‌లో చప్పుడు రికార్డు చేసి చూద్దామనుకున్నా. ఈ సైజు సిలిండర్‌లో నాక్ మోగేది 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ దగ్గర. ఫోన్ దాన్ని రొద అనుకుని చెరిపేస్తోంది. కిటికీ దించి, బండ పక్కగా నడిపితే ప్రతిధ్వనిలో చెవికే బాగా వినపడింది.

ఎత్తు కోసం చెర్వుగట్టు ఘాట్ రోడ్డు పట్టుకున్నా. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి పోయే దారిలోనే ఉంటుంది, మలుపుల మధ్య తిన్నగా ఎక్కే ముక్క ఒకటి దొరికింది. అమావాస్యనాడు మాత్రం అటు పోవద్దు, గుట్ట మీది గుడికొచ్చే జనం, ఆటోలు, కొబ్బరికాయల బండ్లు. ఆ రోజు ఫస్ట్ గేరు దాటదు.

ప్రతి పరీక్షకూ పెట్టుకున్న పద్ధతి:
1. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్యే. ఉదయం చల్లగాలిలో ఏ ఇంజిన్ అయినా మంచిగనే ఉంటది.
2. ఏసీ ఫుల్, రెండో గేరు, 2,000 నుంచి 2,600 ఆర్‌పీఎం.
3. మ్యాప్ ప్రెషర్ 90 కిలోపాస్కల్ దాటిన రీడింగులే లెక్కలోకి. పెడల్ సగం నొక్కినప్పటి అంకెలు పనికిరావు.
4. టైర్ల గాలి, ఎక్కిన మనుషులు ప్రతిసారీ ఒకటే.

రెండో దశ: మూడు రకాల పెట్రోల్ (ఏప్రిల్)

ముందు ఆక్టేన్ సంగతి, ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. ఆక్టేన్ అంటే పెట్రోల్‌లోని బలం కాదు. ఒత్తిడికీ వేడికీ తనంతట తాను అంటుకోకుండా స్పార్క్ అంటించిన మంట తనదాకా వచ్చేవరకు ఆగగలిగే ఓపిక. ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు 0 అని పెట్టుకుని, కంప్రెషన్ మార్చగలిగే ఒక పరీక్ష ఇంజిన్‌లో పోల్చి చూస్తారు. 600 ఆర్‌పీఎం దగ్గర తీసింది ఆర్‌ఓఎన్, మరింత వేడిగా 900 దగ్గర తీసింది ఎంఓఎన్. మన బంకుల్లో, మాన్యువల్‌లో కనపడేది ఆర్‌ఓఎన్. అమెరికా వీడియోల్లో "87 కొట్టండి" అంటే భయపడొద్దు. అక్కడ పంపు మీద రెండింటి సగటు రాస్తారు, వాళ్ల 87 దాదాపు మన 91.

మా కారు మాన్యువల్ అడిగేది కనీసం 91.

ఇప్పుడు బంకులో ఏం దొరుకుతోంది? బీఎస్-6 మామూలు పెట్రోల్ కనీసం 91. ఇప్పుడది 20 శాతం ఇథనాల్‌తో వస్తోంది, దాన్నే ఈ20 అంటారు. ఇథనాల్ ఆక్టేన్ 108 పైనే కాబట్టి కలిపితే మొత్తం అంకె లేస్తుంది. ఈ20తో 95కు చేరిందని పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణలో ఉంది. అంటే సాదా పంపు నుంచే 95 వస్తున్నప్పుడు, '95' అని రాసిన పంపుకు లీటరుకు ఎనిమిది రూపాయలు (నేను కొట్టించినప్పటి ధర) ఎక్కువ పెట్టడం ఆక్టేన్ కోసమైతే దండగ. అందులో కలిపే క్లీనర్ మందు కోసమంటే అది వేరే సంగతి.

ఇథనాల్ నిజంగా ఎంత ఉందో ఇంట్లోనే చూడొచ్చు. ఆరుబయట, సిగరెట్‌కూ పొయ్యికీ దూరంగా:
1. జాడీలో 10 మి.లీ. నీళ్లు పోయాలి.
2. 100 గీత దాకా పెట్రోల్ పోయాలి. అంటే పెట్రోల్ 90.
3. మూత పెట్టి ఊపి, మధ్యమధ్యలో మూత సడలించి ఆవిరి వదలాలి. తర్వాత పది నిమిషాలు కదపకుండా ఉంచాలి.
4. ఇథనాల్ పెట్రోల్‌ను వదిలి నీళ్లలోకి దిగుతుంది. అడుగు పొర ఎంత పెరిగిందో చూసి 90తో భాగించాలి.

సాదా పెట్రోల్‌కు అడుగు పొర 27 దాకా లేచింది. 17ను 90తో భాగిస్తే 19 శాతం. ప్రీమియం 95కూ అంతే, గీత తేడా కూడా లేదు. హైదరాబాద్ పోయినప్పుడు కొట్టించిన 100 ఆక్టేన్‌లో పొర 10 దగ్గరే ఆగింది, అంటే ఇథనాల్ లేదు.

ట్యాంకు 35 లీటర్లు. ఒక రకం నుంచి ఇంకో రకానికి మారేటప్పుడు రిజర్వు దాకా ఖాళీ చేసి 30 లీటర్లు కొట్టించా. అడుగున పాతది ఏడో వంతు మిగులుతుంది, దానికి చేసేదేం లేదు. కొట్టించిన వెంటనే కొలవొద్దు. ఈసీయూ కొత్త పెట్రోల్‌కు అలవాటు పడాలి. ఓ యాభై అరవై కిలోమీటర్లు తిప్పాకే చెర్వుగట్టు ఎక్కించా.

ఫలితాలు, బయట 42 నుంచి 43 డిగ్రీల ఎండలో:
• సాదా: టైమింగ్ 9 నుంచి 11 డిగ్రీలు. చప్పుడు ఉంది. మైలేజీ 14.6.
• ప్రీమియం 95: టైమింగ్ 10 నుంచి 11. చప్పుడు ఉంది. మైలేజీ 14.7.
• 100 ఆక్టేన్: టైమింగ్ 14 నుంచి 15. చప్పుడు లేదు. మైలేజీ 15.5.

100 ఆక్టేన్ అంకె చూసి "చూసినవా, మైలేజీ పెరిగింది" అన్నాడు మా బావమరిది. పెరిగింది గానీ ఆ ఘనత చాలావరకు ఆక్టేన్‌ది కాదు. లీటరు పెట్రోల్‌లో శక్తి సుమారు 32 మెగాజౌళ్లు, ఇథనాల్‌లో 21. ఈ20 కలిపితే 30కి కొంచెం తక్కువ, అంటే ఏడు శాతం దాకా తరుగు. ఈ0 కోసం తయారై ఈ10కు సర్దిన కార్లలో మైలేజీ 6–7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనూ ఉంది. ఇథనాల్ లేని పెట్రోల్ పోస్తే ఆ పోయింది తిరిగొచ్చింది, అంతే. ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) కూడా అదే చెప్పింది. సాదాలో ప్లస్ 5 ఉన్నది, 100లో మైనస్ 2కు వచ్చింది.

అసలు చూడాల్సింది టైమింగ్. 91 చాలన్న ఇంజిన్‌కు 95 పోస్తే మూలుగుతోంది, 100 పోస్తే తేరుకుంటోంది. ఇక పెట్రోల్‌ను అనుమానించే పని లేదు. ఇంజిన్‌లో ఏదో దాని ఆకలి పెంచుతోంది.

ఇంజిన్ ఆక్టేన్ అడిగేలా చేసేవి కొన్నే ఉంటాయి. వేడి, కార్బన్, తప్పు ప్లగ్గు, పల్చని మిశ్రమం (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ), పనిచేయని ఈజీఆర్ (పొగను కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు). మా బండికి ఈజీఆర్ లేదు. ట్రిమ్ ప్లస్ 5 అంటే ఈసీయూ తనే సర్దుకుంటోంది, కాబట్టి మిశ్రమాన్నీ పక్కనపెట్టా. మిగిలినవి మూడు.

సాదా పెట్రోల్ మీద అదనంగా పడింది: ప్రీమియం 240, 100 ఆక్టేన్‌కు లీటరుకు సుమారు 55 చొప్పున 1,650. ఇప్పటిదాకా ఖర్చు: 2,820.

ఆక్టేన్ బూస్టర్ సీసా కొనలేదు. డబ్బా మీద 'పాయింట్లు' అని రాస్తారు, పది పాయింట్లయితే ఒక ఆక్టేన్. ఇరవై పాయింట్లు పెరిగిందంటే 95 కాస్తా 97 అయినట్టు, 115 కాదు.

మూడో దశ: లోపల చూడటం (మే మొదట్లో)

ఫోన్‌కు తగిలించే సన్న కెమెరా కొన్నా, 900. ఇప్పటిదాకా ఖర్చు: 3,720. కంప్రెషన్ గేజీ దేవరకొండ రోడ్డులోని తెలిసిన మెకానిక్ దగ్గర అరువు.

నాక్ సెన్సర్‌తో మొదలుపెట్టా. ఇంజిన్ 2,000 దగ్గర పట్టి ఉంచి, సెన్సర్ పక్కన బ్లాకు మీద స్పానర్‌తో తట్టితే టైమింగ్ పడిపోవాలి. పడింది. సెన్సర్ బాగానే ఉంది. బోల్టు మాత్రం విప్పి మళ్లీ 20 న్యూటన్ మీటర్లకు బిగించా. ఎక్కువ బిగించినా తక్కువ బిగించినా సెన్సర్‌కు సరిగా వినపడదు.

ప్లగ్గులు. ఇదివరకు సర్వీసు చేసిన షాపులో వేసిన ఎన్‌జీకే ప్లగ్గుల మీద హీట్ రేంజ్ (ప్లగ్గు వేడిని ఎంత తొందరగా వదిలేస్తుందో చెప్పే అంకె) 5 అని ఉంది, మాన్యువల్‌లో 6. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ చల్లని ప్లగ్గు. బాష్‌లో దీనికి తిరగబడి ఉంటుంది, అంకె తగ్గేకొద్దీ చల్లనిది. బ్రాండ్ మార్చేటప్పుడు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. నాలుగు ప్లగ్గుల పింగాణీ సున్నంలా తెల్లగా ఉంది. మూడోదాని మీద మిరియం పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, భూతద్దంలో చూస్తే సన్నటి అల్యూమినియం మెరుపు. నాకింగ్ పిస్టన్‌ను గీరుతోందనడానికి అది గుర్తు. ఆ ఒక్క ప్లగ్గు చూశాక ఎండాకాలం పోయాక చూద్దాం అనే ఆలోచన వదిలేశా.

కంప్రెషన్, నాలుగు ప్లగ్గులూ విప్పి, పెడల్ పూర్తిగా నొక్కి, పీఎస్‌ఐలో: 196, 199, 214, 198. కెమెరా పెట్టి చూస్తే మూడో పిస్టన్ మీద ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిచ్చిన నల్లటి పెళ్ల. మిగతా మూడింటి మీద పల్చటి పొర. పెళ్ల మందం సిలిండర్‌లో జాగాను తినేస్తుంది, కంప్రెషన్ పెరుగుతుంది, పైగా కణకణలాడుతూ స్పార్క్‌కు ముందే అంటించే చోటుగా తయారవుతుంది.

ఇక వేడి. ఘాట్ ఎక్కాక కూలెంట్ 103, లోపలికి పోయే గాలి 58. రేడియేటర్ ముందు నుంచి చూస్తే శుభ్రంగానే ఉంది.

నాలుగో దశ: ఒక్కొక్కటిగా మార్చడం (మే)

అన్నీ ఒకేసారి చేయిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒకటి చేయడం, సాదా పెట్రోల్‌తోనే చెర్వుగట్టు ఎక్కించడం, తర్వాతే ఇంకోటి.

రేడియేటర్. ముందున్న ఏసీ కండెన్సర్‌ను విప్పితేనే అసలు సంగతి కనపడింది. రెండింటి సందులో వడ్ల తాలు, పొట్టు, పత్తి దూది కలిసి చాపలా అల్లుకుపోయాయి. యాసంగి కోతలప్పుడు మిర్యాలగూడ, హాలియా రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి, వాటి పక్కనుంచే పోతాం. జిన్నింగ్ మిల్లులకు పోయే పత్తి లోడ్ల వెనక చలికాలమంతా నడుపుతాం. బయటి నుంచి నీళ్లు కొట్టి కడిగితే ఇది ఇంకా లోపలికి దిగుతుంది. ఇంజిన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ప్రెషర్‌తో కడగాలి. గట్టిగా కొడితే రెక్కలు పడుకుంటాయి. మజూరీ 800, కూలెంట్ 600. ఇప్పటిదాకా ఖర్చు: 5,120.

ఘాట్ మీద కూలెంట్ 103 నుంచి 95కు దిగింది, గాలి 58 నుంచి 53కు. టైమింగ్ 11, 12 మధ్యకు వచ్చింది.

ప్లగ్గులు. మాన్యువల్‌లోని రకమే, హీట్ రేంజ్ 6. నాలుగుకు 760. ఇప్పటిదాకా ఖర్చు: 5,880. టైమింగ్ 12 నుంచి 13. చప్పుడు తగ్గింది గానీ ఏసీతో మలుపు తిరిగి లేచేటప్పుడు ఇంకా ఉంది.

కార్బన్. ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. ట్యాంకులో పోసే సీసా మందు పిస్టన్ మీది పెళ్లను అంత తొందరగా కదిలించదు. నేరుగా నానబెట్టాలి.
1. ఫ్యూయల్ పంపు ఫ్యూజ్, కాయిల్ కనెక్టర్లు పీకేయాలి. ఇది మర్చిపోతే నిప్పంటుకునే ప్రమాదం ఉంది.
2. ప్లగ్గు గుంతల్లోని ఇసుకను ముందే గాలితో ఊది, తర్వాత ప్లగ్గులు విప్పాలి.
3. క్రాంక్ పుల్లీని స్పానర్‌తో తిప్పి నాలుగు పిస్టన్లనూ సగం ఎత్తులో నిలపాలి. పుల్లకు గుర్తు పెట్టి కొలిస్తే తెలుస్తుంది.
4. ఒక్కోదాంట్లో 40 మి.లీ. కార్బన్ క్లీనర్, రాత్రంతా.
5. పొద్దున సన్న పైపు తగిలించిన సిరంజితో లాగేసి, రంధ్రాల మీద గుడ్డ కప్పి, కొన్ని క్షణాలు క్రాంక్ చేయాలి. లోపల ద్రవం మిగిలి ఉండగా ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.
6. బండి నడిపి పొగ పోయాక ఆయిల్, ఫిల్టర్ మార్చాల్సిందే. మందు రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్‌ను పల్చన చేస్తుంది.

మొదటిసారి నానబెట్టాక ఒకటి, రెండు, నాలుగు తేటపడ్డాయి. మూడోది అంచుల దగ్గరే ఊడింది, నడిమి పెళ్ల అట్లనే ఉంది. ఆయిల్ మార్చకముందే దానికొక్కదానికి మళ్లీ మందు పోసి, ఈసారి పూటకోసారి పుల్లీని కొంచెం అటూ ఇటూ కదిలిస్తూ నానబెట్టా. సిరంజిలోకి చిన్న చిన్న నల్ల పెచ్చులు వచ్చాయి. కెమెరాలో పిస్టన్ మీద కంపెనీ అచ్చు గుర్తు కనపడింది, అక్కడితో ఆపేశా.

క్లీనర్ 650, ఆయిల్, ఫిల్టర్ 1,900. ఇప్పటిదాకా ఖర్చు: 8,430.

కంప్రెషన్ మళ్లీ: 188, 189, 192, 189.

ఐదో దశ: మళ్లీ అవే పరీక్షలు (మే చివర)

చెర్వుగట్టు, అదే పద్ధతి, బయట 44 డిగ్రీలు:
• సాదా: టైమింగ్ 16 నుంచి 17. చప్పుడు లేదు. మైలేజీ 15.1.
• ప్రీమియం 95: 16 నుంచి 17. మైలేజీ 15.1.
• 100 ఆక్టేన్ డబ్బాలో పది లీటర్లు దాచి ఉంచా, అది పోసి చూస్తే 17. మళ్లీ కొనలేదు.

మొత్తం ఆరు డిగ్రీల లాభంలో రేడియేటర్ వాటా ఒకటి, ప్లగ్గులది ఒకటి, మిగతాదంతా కార్బన్‌దే.

ఘాట్‌లో పట్టుకున్న అంకె గంటల తరబడి నడిపినా నిలుస్తుందా అని శ్రీశైలం దారి పట్టా. దేవరకొండ, డిండి, మన్ననూరు మీదుగా. నలుగురం, డిక్కీ నిండా సామాను, సాదా పెట్రోల్. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, అడవి దారి కాబట్టి, ఆ లెక్క చూసుకునే బయల్దేరాలి. వచ్చేటప్పుడు డ్యామ్ దగ్గర నుంచి ఈగలపెంట పైకి ఎక్కే మలుపులే అసలు పరీక్ష. ముందు ఇసుక లారీ, రెండో గేరులో పాకుతూ, ఏసీ వేసుకుని. కూలెంట్ 97 దాటలేదు. టైమింగ్ 15 దాకా పడింది, ఆ కిందికి పోలేదు. మూడో గేరులో ఉంచి 1,500 ఆర్‌పీఎం దగ్గర కావాలని ఈడ్పిస్తే ఒక్కసారి టక్కుమంది. ఆ ఈడ్పు ఏ ఇంజిన్‌కూ మంచిది కాదు, గేరు దించడమే.

వేరే బండ్ల వాళ్లు అడుగుతున్నారు కాబట్టి: పెట్రోల్ మూత లోపల లేదా మాన్యువల్‌లో 'కనీసం 91' అని ఉంటే సాదా పంపు చాలు. 'కనీసం 95' అని ఉన్న టర్బో బండ్లకూ, 12:1 లాంటి పెద్ద కంప్రెషన్ ఉన్నవాటికీ ఆ మాట తప్పకుండా పాటించండి. టర్బో బండ్లలో ఈసీయూ టైమింగ్‌తోపాటు బూస్ట్ (టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి) కూడా తగ్గిస్తుంది, చప్పుడు రాకుండానే బండి మొద్దుబారుతుంది. 97, 100 అని ప్రత్యేకంగా అడిగే బండి మన రోడ్ల మీద అరుదు.

లెక్క: నెలకు 80 లీటర్ల దాకా తాగుతుంది మా బండి. 100 ఆక్టేన్‌తోనే నెట్టుకొచ్చి ఉంటే నెలకు 4,400 అదనం. మొత్తం మీద పెట్టింది 8,430. అందులో కూలెంట్, ఆయిల్, ప్లగ్గులు ఎట్లాగూ వేయించాల్సినవే.

మిగిలిన పని: మూడో సిలిండర్‌లోనే అంత పెళ్ల ఎందుకు కట్టిందో ఇంకా తేలలేదు. పీసీవీ వాల్వ్ (ఇంజిన్ అడుగున చేరే ఆవిరిని తిరిగి లోపలికి పంపేది) ఊపితే గలగలమంటోంది, అది బాగానే ఉంది. వాల్వ్ స్టెమ్ సీల్ ఆయిల్ వదులుతోందని అనుమానం. పొద్దున చల్లని స్టార్ట్‌లో ఒకసారి నీలం పొగ కనపడింది. ఇంకో ఐదు వేల కిలోమీటర్లయ్యాక అదే రంధ్రంలో కెమెరా పెట్టి చూస్తా. పెళ్ల మళ్లీ మొదలైతే సీళ్లు మార్పించి ఆ ఖర్చు కూడా ఇక్కడ కలుపుతా. 2014 బండి కాబట్టి ఈ20కి ఫ్యూయల్ పైపుల రబ్బరు ఎట్లా తట్టుకుంటోందో ఆ రోజే వంచి చూడాలి, పగుళ్లుంటే పైపులు కూడా.